డిసెంబరులో ఉన్న ఇల్లు

అచ్చంపేట మున్సిపల్ ఆఫీసులో కంప్యూటర్ ఆపరేటర్ హాజిరాకు ముక్కు మీదే కోపం. ఎక్సెల్ ఫైలు బరువని పదకొండేళ్లుగా ప్రతి జాబితానూ ఒట్టి అక్షరాలూ అంకెలే మిగిలే సీఎస్‌వీ ఫైలుగానే సేవ్ చేస్తోంది. మళ్లీ తెరిస్తే, అంకెల మధ్య గీత ఉన్నదల్లా కంప్యూటర్‌కు తేదీయే.

జూన్‌లో జమ్ములమ్మ నల్లా కనెక్షన్ కోసం వచ్చింది. ఆమె ఇంటి నంబరు 4-12 జాబితాలో 'డిసెంబర్ 4' అయి కూర్చుంది.

"నీ ఇల్లు ఇంక రాలే అవ్వా. డిసెంబర్ల రా" అంది హాజిరా.

"మరి మా పక్కిల్లు?"

"4-11 గదా, నవంబర్ల వస్తది."

"నడుమ ఒక్క గోడనే ఉంది బిడ్డా. నెల ఏడికెళ్లి వచ్చింది?"

"ఫైలు అబద్ధమాడదు."

"మీ ఇల్లెప్పుడొస్తది?"

హాజిరా ఇంటి నంబరు 19-43. నలభై మూడో నెల లేదు కాబట్టి కంప్యూటర్ దాన్ని ముట్టుకోలేదు. సీఎస్‌వీ మీద హాజిరాకు అంత నమ్మకం అందుకే.