సీతాలచ్చిమి సైకిలెక్కింది

భిలాయి సెక్టర్ ఆరులో కన్నమ్మ నోరంటే అందరికీ హడలు. కుళాయి దగ్గర వరస తప్పినవాళ్ళకీ, పాలలో నీళ్ళు కలిపే దూద్‌వాలాకీ ఆ నోటి రుచి తెలుసు. తెలుగులో మొదలుపెట్టి, అవతలివాడికి ఎక్కటం లేదనిపిస్తే హిందీలోకి దిగి, హిందీ చాలకపోతే మళ్ళీ తన ఊరి టెక్కలి తెలుగులోకి వచ్చి పడేది. ఆమె భర్త బలరాం స్టీలు ప్లాంటులో బొగ్గు కాల్చే కోక్ ఓవెన్స్‌లో పనిచేసేవాడు. "మావోడికి డ్యూటీలో తక్కువ సెగ, ఇంట్లో ఎక్కువ సెగ" అని సాటివాళ్ళు వేళాకోళం చేస్తే నవ్వి ఊరుకునేవాడు పాపం.

అదే నోటితో కన్నమ్మ పాటలు కట్టేది. చదువు లేదు, రాత లేదు. పెళ్ళి భోజనాల్లో మగపెళ్ళివారు విస్తళ్ళ ముందు కూర్చోగానే ఆడపెళ్ళివారి తరఫున నాలుగు ఎగతాళి పాటలు పడాలి కదా, అవి కట్టడంలో ఆమెకు ఆమే సాటి. వియ్యంకుడి బొజ్జ మీద, ఆడపడుచు నడక మీద అప్పటికప్పుడు అల్లి పారేసేది. వాటిలో ఒక్కటి మాత్రం భిలాయి దాటిపోయింది. రాయపూర్ తెలుగువాళ్ళూ పాడేవారు, దల్లీరాజ్‌హరా గనుల దగ్గరివాళ్ళూ పాడేవారు.

"సీతాలచ్చిమి సైకిలెక్కింది, సెక్టరంతా సూడొచ్చింది
బెల్లు కొట్టితే పెళ్ళికొడుకు బెదిరి సెట్టెక్కాడు
దిగవయ్యా పెళ్ళికొడకా, దింపుకోండే ఒదినల్లారా!"

సీతాలక్ష్మి కన్నమ్మ చెల్లెలు. కొత్తగా కాపురానికి వచ్చిన రోజుల్లో బలరాం షిఫ్టుకు పోతే ఒక్కర్తే ఉండలేక, కన్నమ్మ ఊరికి కబురుపెట్టి చెల్లెల్ని తెప్పించుకుంది. ఆ పిల్ల ఊరుకుండే రకం కాదు. బావ డ్యూటీ దిగి నిద్రపోగానే ఆయన సైకిలు తీసుకుని రోడ్డెక్కేది. మగవాళ్ళ సైకిలు, సీటు అందదు. కడ్డీ కింద నుంచి కాలు దూర్చి, లంగా గాలికి ఎగురుతుంటే, బెల్లు కొట్టుకుంటూ పోయేది. క్వార్టర్లలో ఆడవాళ్ళంతా గుమ్మాల్లోకి వచ్చి నోళ్ళు నొక్కుకునేవారు. వాళ్ళ కళ్ళముందే నేర్చుకుంది. వాళ్ళ కళ్ళముందే ఊరి చివర మరోదా దాకా తొక్కి వెనక్కి వచ్చింది. ఆ పిల్ల పెళ్ళికే కన్నమ్మ ఈ పాట కట్టింది. పెళ్ళికొడుకు కూడా పొట్ట పట్టుకుని నవ్వాడు.

రెండేళ్ళు తిరగకుండా సీతాలక్ష్మి పోయింది. పురిటి మంచం మీద జ్వరం పట్టుకుని, వారం కూడా ఉండలేదు. మొగుడు మూడో నెలకే మళ్ళీ పెళ్ళి చేసుకుని టాటానగర్ వెళ్ళిపోయాడు. పసిగుడ్డు రజనీకుమారి కన్నమ్మ ఒళ్ళో పడింది.

ఆ తరవాత జరిగిన మొదటి పెళ్ళిలో ఆడవాళ్ళు ఈ పాట ఎత్తుకున్నారు. పోయిన మనిషి పేరు శుభకార్యంలో ఎందుకులెమ్మని, ఆ పెళ్ళికూతురి పేరు పెట్టి పాడారు. తప్పని ఎవరూ అనుకోలేదు, ఎందుకంటే పెళ్ళిపాటల్లో ఆనవాయితీ అదే. ఏ పెళ్ళికి ఆ పెళ్ళికూతురి పేరు పాటలో పడుతుంది. కన్నమ్మ మాత్రం చేతిలో గిన్నె దబ్బున కింద పెట్టి లేచింది.

"మీ పాటల్లో ఎవులి పేరు ఏసుకుంతారో ఏసుకోండి. ఈ పాటకి పేరు ఒకటే. ఇష్టముంతే దాని పేరెట్టి పాడండి, నేదంటే మూసుకోండి!"

అంతే. ఇక ఆ పాటలో పేరు మార్చే ధైర్యం ఎవరికీ లేకపోయింది. పాటకు వేరే పేరంటూ ఉండదు, మొదటి మాటలే దాని పేరు. అందుకని ఆ పాట కావాలంటే "సీతాలచ్చిమి పాట పాడండి" అనే అడగాలి. చెల్లెల్ని ఎన్నడూ చూడని పిల్లలు, భిలాయిలోనే పుట్టి తెలుగు సరిగా తిరగని పిల్లలు కూడా ఆ పేరు పలికేవారు. అడిగిన ప్రతిసారీ కన్నమ్మ కడుపు చల్లబడేది.

ఇరవై ఏళ్ళు అలా గడిచాక భుజంగరావుగారు వచ్చారు. ప్లాంటులో ఆఫీసరు, బలరాంకు పైన పైవాడు, నెహ్రూ నగర్‌లో సొంత ఇల్లు. హార్మోనియం వాయిస్తారు, చిన్న ఆర్కెస్ట్రా నడుపుతారు. మంచిమనిషే, ఆ మాట చెప్పుకోవాలి. టేప్ రికార్డరు పట్టుకుని క్వార్టరుకు స్వయంగా వచ్చి, "మన పాటలు మాయమైపోతున్నాయమ్మా, క్యాసెట్ చేద్దాం" అన్నారు. కన్నమ్మ పొంగిపోయింది. పకోడీలు వేసి పెట్టి, మధ్యాహ్నమంతా పాడింది. ఆ సీతాలక్ష్మి ఎవరని ఆయన అడగలేదు. అడగలేదు కదా అని కన్నమ్మా చెప్పలేదు.

క్యాసెట్ విశాఖపట్నంలో తయారై వచ్చింది. కన్నమ్మ ఆ పాటను మొదటిసారి విన్నది పిండిమర దగ్గర. గోధుమల డబ్బా నెత్తిమీంచి దించుతుంటే పక్క పాన్‌ఠేలాలో, అదే కిళ్ళీ బడ్డీలో, డోలకు మోగింది, ఆ వెనకే లేతగొంతు: "హరితమ్మా సైకిలెక్కింది..." కన్నమ్మ డబ్బా అక్కడే వదిలేసి ఠేలా మీదకు పోయింది. "క్యా గానా హై యే?" అని అరిచింది. వాడు బెదిరిపోయి, "హరితమ్మా హై అమ్మాజీ, ఆంధ్రావాలే సబ్ యహీ మాంగ్‌తే హైఁ" అని, ఆంధ్రావాళ్ళంతా అడిగేది ఇదేనంటూ క్యాసెట్ పెట్టె చూపించాడు. అట్ట మీద సైకిలు పట్టుకుని నవ్వుతున్న అమ్మాయి. హరిత భుజంగరావుగారి కూతురు. పాడిందీ ఆ అమ్మాయే, పాటలో పేరూ ఆ అమ్మాయిదే, క్యాసెట్‌కు పేరూ పాట మొదటి మాటలే.

"ఆయన్తో పెట్టుకోకే. నా ప్రమోషను దగ్గరికొచ్చినాది" అని బలరాం బతిమాలాడు. కన్నమ్మ వినిపించుకుంటే కదా! మర్నాడే టెంపో ఎక్కి నెహ్రూ నగర్ పోయింది. భుజంగరావుగారు ఎదురొచ్చి కూర్చోమన్నారు. కూర్చోలేదు. టీ ఇచ్చారు. ముట్టలేదు.

"నా సెల్లి పేరు ఎందుకు తీసేసినారు బాబూ?"

ఆయనకు నిజంగానే అర్థం కాలేదు. "పెళ్ళిపాటల్లో ఆ చోటు పెళ్ళికూతురిదే కదమ్మా? మా అమ్మమ్మ కూడా పేర్లు మార్చి పాడేది. మా అమ్మాయి పెళ్ళీడుకు వచ్చింది కదా అని ముద్దుకు పెట్టాను. సీతాలక్ష్మి నిజంగా ఒక మనిషని నాకేం తెలుసు?"

"అడిగితే తెలుస్తాది. ఇంటికొచ్చినారు, పకోడీ తిన్నారు, అడగడానికేటి అడ్డమొచ్చినాది?"

ఆయన మొహం ఎర్రబడింది. "పొరపాటే. వచ్చేసారి అట్ట మీద పాట కట్టింది కన్నమ్మ అని మీ పేరు వేయిస్తాను" అన్నారు.

"నా పేరు నాకెందుకు బాబూ? నాను బతికే ఉన్నాను. నన్ను కుళాయికాడ రోజూ పిలుస్తారు, తిడతారు. సచ్చిపోయినోళ్ళని ఎవులు పిలుస్తారు?"

క్యాసెట్లు ఇళ్ళలోకి వెళ్ళిపోయాయి, వాటిని వెనక్కి తెచ్చే దారి లేదు. కన్నమ్మ ఆ మాట ఆయన నోటే విని, చెప్పులేసుకుని వచ్చేసింది. ఆ ఏడు ఏ పెళ్ళికి వెళ్ళినా పిల్లలు "హరితమ్మ పాట, హరితమ్మ పాట" అని గోలపెట్టేవారు. కన్నమ్మ విస్తరి ముందు నుంచి లేచి వచ్చేసేది.

మరుసటి ఏడు రజనీకి పెళ్ళి కుదిరింది. రాయపూర్ సంబంధం, రైల్వే ఉద్యోగి. క్వార్టర్ల మధ్య షామియానా వేశారు. పగటి ముహూర్తం. కన్నమ్మ, బలరాం పీటల మీద కూర్చున్నారు. కన్యాదానం వేళ పంతులుగారు ప్రవర చెప్పారు. ముత్తాత పేరు, తాత పేరు, ఆ టాటానగర్ ప్రబుద్ధుడి పేరు కూడా స్పష్టంగా, మూడేసిసార్లు. కన్నతల్లి పేరు మాత్రం ఎక్కడా రాలేదు. "ఆడోళ్ళ పేర్లు సదవరా పంతులూ?" అని కన్నమ్మ పీటల మీదనుంచే అడిగింది. శాస్త్రంలో లేదన్నాడాయన. కన్నమ్మ పళ్ళు కొరుక్కుంది. సరే, శాస్త్రంలో లేకపోతే పోనీ, భోజనాల్లో పాట ఉంది కదా అనుకుంది.

మగపెళ్ళివారు బంతికి కూర్చున్నారు. మధ్యలో రజనీ, పెళ్ళికొడుకు. కన్నమ్మ అన్నం బేసిన్ ఎత్తుకుని వరస మొదట్లోకి వచ్చింది. భుజంగరావుగారు చేసిన పొరపాటు దిద్దుకోవాలనే కాబోలు, కూతురిని, ఆర్కెస్ట్రాను వెంటబెట్టుకుని వచ్చారు. తండ్రి ముందే చెప్పినట్టున్నాడు, హరిత మైకు పట్టుకుని సరిగానే ఎత్తుకుంది: "సీతాలచ్చిమి..."

అయితే ఏం లాభం? షామియానాలో ఉన్న కుర్రకారంతా, బంతిలో కూర్చున్న వాళ్ళు కూడా, క్యాసెట్‌లో వచ్చినట్టే ఒక్క గొంతుతో "హరితమ్మా సైకిలెక్కింది" అని అందుకున్నారు. మైకులో పేరు ఆ హోరులో మునిగిపోయింది. హరిత బిత్తరపోయి ఆపేసింది. జనం ఆపలేదు, చప్పట్లు కొడుతూ పాడుతూనే ఉన్నారు.

కన్నమ్మ బేసిన్ ధనామని బల్ల మీద పడేసింది.

"ఆపండి! ఆ పేరు పలికేదాకా ఈ బంతిలో ఒక్క మెతుకు పడదు!"

పాట ఆగిపోయింది. మగపెళ్ళివారిని విస్తళ్ళ ముందు కూర్చోబెట్టి అన్నం పెట్టనంటే మాటలా? పెళ్ళికొడుకు తండ్రి వెంకటేశ్వరరావు విస్తరి ముందు నుంచి సగం లేచాడు. "ఏటిది? పిలిచి మమ్మల్ని అవమానిస్తారా?" బలరాం పరిగెత్తుకొచ్చి భార్య చెయ్యి పట్టుకున్నాడు. "పిల్ల బతుకు పాడు సేస్తావా? పెట్టేయ్, పెట్టేయ్!" కన్నమ్మ ఆ చేతిని విదిలించింది. వియ్యంకుడు లేచిపోతే పెళ్ళి ఏమవుతుందో ఆమెకూ తెలుసు. అయినా గరిట ముట్టుకోలేదు.

"అవమానం నాను సెయ్యనేదండీ. పొద్దున్న పంతులు పారిపోయినోడి పేరు సదివినాడు. కన్నదాని పేరు సదవనేదు. ఇప్పుడు మీరంతా దానికున్న ఒక్క పాటలో కూడా దాన్ని తీసి పారేసినారు. సీతాలచ్చిమి నా సెల్లి. ఈ పిల్లని కని సచ్చిపోనాది. దాని కూతురి పెళ్ళిలో దాని పేరు నేకండా కూడు తింతారా మీరు?"

హరిత మైకు పట్టుకుని ఏడుస్తోంది. వెంకటేశ్వరరావు కూర్చోనూ లేదు, పోనూ లేదు.

అప్పుడు బంతి మధ్యలో రజనీ తలెత్తింది. పెళ్ళికూతురు తన పెళ్ళిలో పాడకూడదు, తలొంచుకుని కూర్చోవాలి. బాసికం నుదుటి మీద ఊగుతుండగా, హిందీ యాస పడిన తెలుగులో పాడింది: "మా అమ్మ సీతాలచ్చిమి సైకిలెక్కింది..."

అక్కడితో ఆగిపోయింది. పక్కన కూర్చున్న అత్తగారు నూకాలమ్మ మొగుడి చెయ్యి పట్టి కిందికి లాగింది. "కూకోండి. ఈ పాట మా ఆడపడుసు పెళ్ళిలో పాడినారు. సీతాలచ్చిమంటే ఎవులో కత అనుకున్నాను ఇన్నాళ్ళూ." తరవాత కోడలి వీపు మీద చెయ్యేసి, మిగతా లైను తనే అందుకుంది. వెనక ఆడవాళ్ళు కలిశారు. ఈసారి పేరు ఎవరూ మార్చలేదు.

కన్నమ్మ బేసిన్ ఎత్తుకుంది. ఇరవై ఏళ్ళలో ఆమె ఏడవగా చూసినవాళ్ళు లేరు. ఇప్పుడు కళ్ళు కారిపోతుంటే గరిట ఎక్కడ పడుతోందో కనపడక, రజనీ విస్తట్లో అన్నం దిమ్మరించేసింది.

"ఇంతన్నం ఎలా తిననమ్మా?" అంది రజనీ వెక్కుతూ.

"మీ యమ్మది కూడా నువ్వే తిను!" అని కసిరింది కన్నమ్మ.