మేనమామ కత్తెర

ఆ ఉదయం లింగమ్మ అరుగు మీద కూర్చుని కొడుక్కి జడ వేసింది. రోజూ చేసే పనే. నూనె రాసి, పాయలు తీసి, చివర ఎర్ర రిబ్బను కట్టింది. శివయ్యకు ఐదో ఏడు. పుట్టువెంట్రుకలు కోటప్పకొండకు మొక్కుకున్నవి, ఇంకా తీయించలేదు. వీధి పిల్లలు "ఏమే శివమ్మా" అని ఏడిపిస్తే వాడు రాయి పట్టుకుని వెంటపడేవాడు. జడ పక్కకు తీస్తే మెడ మీద నల్లగా కమిలి కనిపించింది.

"ఎవడు కొట్టాడ్రా?"

ఎవరూ కొట్టలేదన్నాడు. నిజమే చెప్పాడు.

లింగమ్మ భర్త అంకమ్మరావు మాచర్ల దగ్గర క్వారీలో నాపరాళ్ళు కోసేవాడు. ఊళ్ళో డాక్టరు పిల్లాడికి బలానికి మందిచ్చాడు. చిగుళ్ళ నుంచి రక్తం కారడం మొదలయ్యాక గుంటూరు తీసుకుపొమ్మన్నాడు. అక్కడ పెద్ద డాక్టరు రక్తంలో క్యాన్సర్ అన్నాడు. రేపే సూదులు మొదలుపెట్టాలనీ, వాటికి జుట్టు రాలిపోతుందనీ చెప్పాడు.

లింగమ్మ చెవిన ఆ చివరి మాటే పడింది. అది దేవుడి జుట్టు. మేనమామ పిల్లాణ్ణి ఒళ్ళో కూర్చోబెట్టుకుని మొదటి కత్తెర వేయాలి, ఆ తర్వాతే మంగలి చెయ్యి పడాలి. మేనమామ గురవయ్య ఉండేది నాదెండ్లలో. రెండిళ్ళ మధ్యా మాటల్లేవు. గురవయ్య కూతురి పెళ్ళిలో అంకమ్మరావును రెండో బంతిలో భోజనానికి కూర్చోబెట్టారు, అదీ సంగతి.

"ఒక్కసారి పోయి అన్నను పిలువయ్యా. కొండకు పోయి సాయంత్రానికల్లా వచ్చేద్దాం."

"ముందు ఆయనొచ్చి నన్ను పిలవాల."

"పిల్లోడు ఇట్టా పడుంటే ఇంకా బంతి గొడవేంది? ఆ రోజు నీకు గారె తక్కువైందా?"

"గారె కాదే, మర్యాద తక్కువైంది."

పక్క మంచం దగ్గర మనవరాలికి విసురుతున్న అమీనా బీ అందుకుంది. "ఏం నాయనా, మర్యాదను ఆస్పత్రికి గూడా మోసుకొచ్చావా? ఆ మంచం కింద పెట్టు, ఎలకలు చూసుకుంటయ్."

అంకమ్మరావు నవ్వాడు. లేవలేదు. లింగమ్మ తనే పోదామా అంటే పిల్లాడు కొంగు వదలడం లేదు. పైగా ఇంటి మగాడు పిలవని పిలుపు పిలుపే కాదు.

మర్నాడు సూదులు మొదలయ్యాయి.

కొన్నాళ్ళకు దిండు మీద జుట్టు కుచ్చులు కుచ్చులుగా రాలసాగింది. లింగమ్మ ప్రతి పోగూ ఏరి పాత గుడ్డలో మూటకట్టింది. శివయ్య నున్నటి తల తడుముకుని, "ఇంక నన్ను శివమ్మా అనరుగా?" అన్నాడు. వాడికి చానా సంబరంగా ఉంది. "అనరులేరా" అని ఆమె ముఖం అటు తిప్పుకుంది. కత్తెర పడకుండా రాలిన జుట్టును దేవుడు లెక్కలోకి తీసుకుంటాడో లేదో ఎవరిని అడగాలో ఆమెకు తెలియలేదు.

ఆపైన అంతా బస్సే. మాచర్లలో ఎక్కడం, గుంటూరులో దిగడం, వరసలో నిలబడటం, సూది, వాంతి, మళ్ళీ బస్సు. లింగమ్మ నిలబడే కునుకు తీయడం నేర్చుకుంది. అంకమ్మరావుతో పోట్లాడటం కూడా మానేసింది, దానికీ ఓపిక కావాలిగా. నరసరావుపేట దగ్గర కిటికీలోంచి దూరంగా కొండ కనిపించేది. ఆమె అటు చూసేది కాదు.

శివరాత్రి ఇంకా రానేలేదు, శివయ్య పోయాడు.

కబురందగానే గురవయ్య వచ్చాడు. బావా బావమరుదులు ఒకరినొకరు పట్టుకుని ఏడ్చారు. రెండో బంతి మాట ఎవరూ ఎత్తలేదు. కర్మ అయ్యాక గురవయ్య చెల్లెల్ని నిద్రకని నాదెండ్ల తీసుకువెళ్ళాడు. చావు జరిగిన ఇంటివాళ్ళను అయినవాళ్ళు తీసుకెళ్ళి ఒక రాత్రి తమ ఇంట పడుకోబెట్టుకోవడం ఆనవాయితీ. వదిన మాణిక్యమ్మ దుప్పటి కోసం ట్రంకుపెట్టె తెరిచింది. పైన చిన్న చొక్కాలు, నిక్కర్లు ఉన్నాయి. కొత్తవి, ఒకదానికంటే ఒకటి కాస్త పెద్దవి.

"ఇవెవరివి వదినా?"

మాణిక్యమ్మ మూత దించబోయి ఆగింది. "మీ అన్న కుట్టించేవోడు, ఏటా శివరాత్రి ముందు. మీ ఆయన పుట్టెంట్రుకలకు పిలవటానికొస్తే చేతులూపుకుంటా పోతామా అనేవోడు."

లింగమ్మ అన్నిటికన్నా పెద్ద చొక్కా చేతిలోకి తీసుకుంది. ఈ ఏటిదే. పిల్లాడు సాగుతుంటాడు, పొట్టిదైపోతుందేమోనని గురవయ్య చెప్పి మరీ కింద అంచు వెడల్పుగా మడత పెట్టించాడట.