పెట్టెలక్క తుంటి ఎముక

ఆపరేషన్ గదిలో వాడే పనిముట్లు కడిగి, ఆవిరి పట్టించి, పెట్టెల్లో సర్దడం ఆమె పని. ఇరవై రెండేళ్లుగా అదే చేస్తోంది కాబట్టి ఆసుపత్రిలో అందరికీ పెట్టెలక్క. ఏ స్క్రూ ఏ అరలో ఉందో కళ్లు మూసుకుని చెప్పేది. అది ఒంట్లో ఎక్కడికి పోతుందో మాత్రం ఎవరూ చెప్పలేదు, ఆమె అడగనూ లేదు.

ఒక ఉదయం తడి నేల మీద జారి, పక్కకు పడింది. లేవబోతే కుడికాలు మాట వినలేదు. పాదం బయటికి తిరిగిపోయి, కాలు పొట్టిగా కనబడింది. ఎక్స్‌రే చూసిన చిన్న డాక్టరు, తుంటి కింద ఎముక విరిగింది, పక్కనుంచి ప్లేటు పెట్టి స్క్రూలు బిగిద్దామన్నాడు. మధ్యాహ్నం పెద్ద డాక్టరమ్మ అదే ఫిల్ము చూసి కాదంది. ఎముక బయటివైపు కూడా చిట్లింది, ప్లేటు పెడితే బరువు పడగానే పక్కకు జారుతుంది, తొడ ఎముక లోపలికే పొడుగు రాడ్డు దింపి, దానిగుండా తుంటి కీలు బంతిలోకి స్క్రూ ఎక్కించాలంది.

పెట్టెలక్కకు ఏమీ పాలుపోలేదు. ప్లేట్ల పెట్టె, రాడ్ల పెట్టె, రెండూ తన చేతుల మీదుగా పోయినవే. ఏది మేలు?

"ఇన్నేళ్లుగా అందులోనే ఉన్నావు, నీకు తెలీదా అక్కా?" అంది చూడ్డానికి వచ్చిన చెల్లెలు.

"గిన్నెలు తోమేదానికి కూర రుచి ఏం తెలుస్తుందే?"

పెద్ద డాక్టరమ్మ చూపించిన చోట సంతకం పెట్టింది.

మర్నాడు నడుం నుంచి కిందికే మత్తిచ్చారు. మగతలో ఉండగా, పదకొండో నంబరు రాడ్డు కనబడటం లేదని నర్సు వెతుక్కోవడం వినబడింది.

"రెండో అర, ఎడమపక్క," అంది పెట్టెలక్క.

నర్సు అక్కడే చూస్తే దొరికింది. తర్వాత సుత్తి దెబ్బలకు ఒళ్లంతా అదిరింది. నొప్పి మాత్రం లేదు. కొడుతున్నది తననా, ఇంకెవరినైనానా? తాను పెట్టెల దగ్గర ఉండాలి కదా, ఇలా పడుకుందేమిటి? ఎంతకీ తేలలేదు.

తెల్లారి పెద్ద డాక్టరమ్మ లేచి నిలబడమంది.

"విరిగిన కాలు మీదా అమ్మా?"

"రాడ్డు ఊతం ఉంది. వాకరు పట్టుకో."

నమ్మకం కుదరలేదు, అయినా వాకరు పట్టుకుంది. నాలుగడుగులు వేసి, ఎందుకో తెలియకుండానే బావురుమంది.

నాలుగు నెలలకు కొద్దిగా కుంటుతూ పనిలోకి వచ్చింది. ఇప్పుడెలా ఉందని చెల్లెలు అడిగితే తుంటి తడుముకుంది.

"లోపల నాది కానిదేదో ఉన్నట్టుంటుందే. చెయ్యి వేసి చూస్తే అంతా నాదే."