తాగిన గ్లాసేం చేస్తావన్నా?

1984 మే నెల, మిట్టమధ్యాహ్నం. రెంటచింతల నుంచి మాచర్ల వెళ్లే బస్సు దారిలో ఒక ఊరి దగ్గర ఆగిపోయింది. రేడియేటర్ పొగలు కక్కుతోంది. దిగిన ప్రయాణికుల్లో ఒక పెద్దమనిషి రోడ్డు పక్క తాటాకు పందిరి కిందున్న చలివేంద్రానికి నడిచాడు. గ్లాసుడు నీళ్లు గటగటా తాగి, ఇంకో గ్లాసు పోయించుకున్నాడు.

"ప్రాణం లేచొచ్చింది తల్లీ! కుండలో ఐసు గడ్డేమన్నా ఏశావా ఏంది?" అన్నాడు.

నీళ్లు పోస్తున్న ఆవిడ నవ్వింది.

రోడ్డుకు అవతలి వైపు ఇంకో చలివేంద్రం ఉంది. అక్కడి నుంచి కేక వచ్చింది. "ఒరేయ్ వెంకటప్పయ్యా! ఆ నీళ్లెవరియ్యో తెలుసా? మాదిగపల్లె దీనమ్మయి!"

వెంకటప్పయ్య నోట్లోని నీళ్లు ఊసేశాడు. గ్లాసులో మిగిలినవి నేలమీద గుమ్మరించాడు. నోట్లో వేలు పెట్టుకుని కక్కబోయాడు. ఏమీ రాలేదు.

దీనమ్మ కదల్లేదు. "ఊసింది సరే. అంతకుముందు తాగిన గ్లాసేం చేస్తావన్నా?" అంది.

కొందరు ప్రయాణికులు నవ్వారు. నవ్వాక పక్కవాళ్ల మొహాలు చూసి ఆపేశారు.

నేనప్పుడు ఒక దినపత్రికకు మాచర్ల కంట్రిబ్యూటర్‌ని. చిన్న ఊళ్లలో ఉండి వార్తలు పంపే పార్ట్‌టైమ్ విలేకరికి ఆ రోజుల్లో అదే పేరు. వేసవి వస్తే మా ప్రాంతం నుంచి పత్రిక ఆఫీసుకు తప్పనిసరిగా కావలసింది రెంటచింతల ఎండ. ఎన్ని డిగ్రీలో కనుక్కుని ప్రెస్ టెలిగ్రామ్ ఇవ్వాలి. ఆ రోజు ఆ పని ముగించుకుని అదే బస్సులో వస్తూ ఈ దృశ్యం చూశాను. ఊరి పేరు రాయను. ఆ చుట్టుపక్కల ఏ ఊరి పేరు పెట్టినా సరిపోయేది.

బస్సు కదిలాక వెంకటప్పయ్య పక్కన కూర్చున్నాను. మాచర్లలో విత్తనాల కొట్టు గుమాస్తా. మర్యాదస్తుడు. కిటికీ వైపు నుంచి నా వైపు తిరిగి, తనే అన్నాడు.

"ఏంది బాబూ, నా వంక అట్టా చూస్తన్నావు?"

"నీళ్లు బాగాలేవా?"

"నీళ్లకేం, చానా బాగున్నయ్."

"గ్లాసు శుభ్రంగా లేదా?"

"బూడిదేసి తోమింది. తళతళలాడతంది."

"మరెందుకు ఊశారు?"

కండువాతో మూతి తుడుచుకున్నాడు. తర్వాత చెప్పాడు. "చిన్నప్పుడు మా జీతగాడి ఇంటో పెళ్లయితే పోయి బెల్లంముక్క తిన్నా. మా అమ్మ చీపురు తిరగేసి కొట్టింది. బాయి కాడ నిలబెట్టి బిందెలు బిందెలు గుమ్మరించింది. ఎందుకో చెప్పలా."

"మీరు అడగలేదా?"

"దెబ్బలు తినేవోడు అడుగుతాడా? ఏదో ఉండే ఉంటదిలే అనుకున్నా. శుభ్రం ఉండరనీ, ఏందేందో తింటారనీ, ఆ కారణాలన్నీ తర్వాత్తర్వాత నేనే ఏరుకున్నా. ఇవ్వాళ ఆ కేక వినపడేసరికి నోరు దానంతటదే ఊసింది బాబూ. నేనూసింది కాదు."

వివక్ష అజ్ఞానం వల్ల పుడుతుందనీ, నాలుగు అక్షరాలు వస్తే పోతుందనీ చెప్పేవాళ్లను నా ఉద్యోగ జీవితంలో చాలామందిని చూశాను. వాళ్ల సభల వార్తలు రాశాను. వాళ్లతో నాకు ఆ రోజు నుంచీ పేచీయే. వెంకటప్పయ్యకు చదువు ఉంది, లెక్కలు వచ్చు, నాలుకకు రుచి తెలుసు. మనిషికి ముందు దెబ్బ అందుతుంది. దూరం జరగడం అలవాటవుతుంది. ఆ దూరానికి తగిన కారణాన్ని తర్వాత తీరిగ్గా తనే తయారు చేసుకుంటాడు. ఆ కారణం అబద్ధమని కళ్లముందు తేలినా దూరం తగ్గదు, ఎందుకంటే అవతలి గట్టు నుంచి ఎవడో ఒకడు చూస్తూ ఉంటాడు.

మర్నాడు మళ్లీ ఆ ఊరికి వెళ్లాను. కేక వేసినవాడు రామకోటయ్య, ఊళ్లో మోతుబరి రైతు. చనిపోయిన తల్లి పేరిట ఏటా వేసవిలో చలివేంద్రం పెడతాడు. అందులో మనిషిని బట్టి నీళ్లు. కొందరికి గ్లాసు. మాదిగపల్లె వాళ్లు వంగి దోసిలి పడితే పైనుంచి పోస్తారు.

క్రితం వేసవిలో దీనమ్మ చెయ్యి విరిగింది. కట్టు కట్టించుకుని ఎండలో వస్తూ అక్కడ ఆగింది. ఒంటి చేతికి దోసిలి రాదు. గ్లాసు అడిగింది, ఇవ్వలేదు. పట్టిన చేతిలో నీళ్లు నిలవలేదు, మోచేతి మీదుగా కారిపోయాయి. చూస్తున్నవాళ్లు నవ్వారు.

"దాహం మర్చిపోయా గానీ ఆ నవ్వు మర్చిపోలా" అంది దీనమ్మ. చెయ్యి అతుక్కున్నాక, ఈ వేసవికి నాలుగు కుండలు కొని ఎదురుగా పందిరి వేసింది. గ్లాసులు పెట్టింది. ఎవరికైనా గ్లాసే.

మేం మాట్లాడుతుండగానే రామకోటయ్య రోడ్డు దాటి వచ్చాడు.

"ఏమే దీనమ్మా, పొద్దుగూకేలోపు పందిరి పీకెయ్. లేదంటే ఈ ఊళ్లో ఎవరి చేలోనూ నీకు కూలి ఉండదు."

దీనమ్మకు ఉన్నది ఆ కూలి ఒక్కటే. కుండలు సర్దుకుని పందిరి విప్పేస్తుందని అనుకున్నాను.

"నా చేత్తో కోసి ఎండబోసిన మిరగాయే గదా బాబాయ్, నీ ఇంటో పచ్చడి నూరేది? ఎండు మిరగాయ ఎవరూ కడగరుగా! దానికి లేని మైల నీళ్లకెట్టా వచ్చింది?"

"నేనేమన్నా నీళ్లు పొయ్యనన్నానా? అందరికీ పోస్తన్నాంగా!"

"పోస్తన్నావు. నేనూ పోస్తన్నా. నువ్వొచ్చి తాగు, గ్లాసిస్తా."

ఆయన నా వైపు తిరిగి, "చూశారా, మంచికి పోతే ఇదీ వరస" అన్నాడు. నిజంగానే నొచ్చుకున్నాడు. తన దయకు అన్యాయం జరిగిందని ఆయన నమ్మకం.

రాసినదంతా బస్ కవర్‌లో పంపాను. అంటే కాగితాలు కవర్లో పెట్టి, గుంటూరు బస్సు కండక్టర్ చేతికివ్వడం. అచ్చులో మూడు వాక్యాలు మిగిలాయి. శీర్షిక: చలివేంద్రం వద్ద ఇరువర్గాల వాగ్వాదం.

వార్తలు దిద్దే విభాగాన్ని డెస్క్ అంటారు. ట్రంక్‌కాల్ చేసి ఇన్‌ఛార్జిని అడిగాను. "ఇరువర్గాలు ఎక్కడున్నాయండీ? ఒకావిడ నీళ్లు పోసింది. ఒకాయన తాగి ఊశాడు."

"ఊస్తే వార్తేమిటయ్యా? ఎవరన్నా ఎవర్నన్నా కొట్టారా?"

"తాగాక ఊశాడు. అదీ వార్త."

"కులం పేరు రాస్తే గొడవలవుతాయి."

"ఊళ్లో నడిరోడ్డు మీద కేకేసి చెబుతున్నారు. మనం రాస్తేనే గొడవా?"

ఫోన్ పెట్టేశారు. నేనూ పట్టు వదల్లేదు. ఎండ వార్తను డెస్క్‌లో ఎవరూ కత్తిరించరు. మర్నాటి డిగ్రీల కిందే రాశాను: ఇంత ఎండలో ఫలానా రోడ్డు మీద రెండు చలివేంద్రాలు ఉన్నాయి, రెంటికీ నీళ్లు ఒకే బోరింగువి, ఒక దానిలో మాదిగపల్లె వారికి గ్లాసు ఇవ్వరు, రెండో దాన్ని దీనమ్మ నడుపుతోంది, అక్కడ అందరికీ గ్లాసే. అక్షరం పోకుండా అచ్చయింది. తర్వాత డెస్క్ నుంచి మందలింపు వచ్చింది. మళ్లీ ఎండ వార్త పంపినప్పుడు మళ్లీ రాశాను.

పేపర్ పడ్డాక రామకోటయ్య తన చలివేంద్రంలో మేకు కొట్టి, పల్లె వాళ్ల కోసం విడిగా ఒక అల్యూమినియం గ్లాసు తగిలించాడు. దీనమ్మ దాన్ని చూసి, "దోసిలి కాడినించి గ్లాసు కాడికొచ్చాడు. రానియ్, ముసలాడు మెల్లగా నడుస్తన్నాడు" అంది. ఆ ఏడు పత్తి కలుపుకు ఆమెను ఎవరూ పిలవలేదు. పక్క ఊరికి నడిచి వెళ్లి పని చేసుకుంది. పందిరి మాత్రం వానలు పడేదాకా పీకలేదు.

ఒకరోజు వెంకటప్పయ్య సంగతి ఆమే చెప్పింది. రోడ్డు మీద ఎవరూ లేని వేళ చూసుకుని పందిరి కిందకు వచ్చాడట. గ్లాసు కోసం చెయ్యి చాపాడట. ఆమె ఇవ్వలేదు.

"పాపం, దాహంతో వచ్చిన మనిషి కదా" అన్నాను.

"దాహంతో చచ్చేట్టుంటే నేనే నోట్లో పోద్దును. ఎదురు చలివేంద్రంలో కుండల నిండా ఉన్నయ్ నీళ్లు. ఈయనకు నా నీళ్ల రుచి కావాలి, నా పేరొద్దు. జనం ఉన్నప్పుడు రా అన్నా, చాటుగా తాగటానికి ఇదేమన్నా సారా కొట్టా అన్నా."

ఎదుటి మనిషి మనసులో ఏముందో తవ్వుతూ కూర్చోవడం కన్నా, పదిమంది చూస్తుండగా ఏం చేశాడని అడగడమే సరైన ప్రశ్న అని విలేకరిగా నేను నేర్చుకున్నది ఆవిడ దగ్గరే. ఎవరు ఏం చేశారో పేరు పెట్టి రాయడం కూడా అప్పటి నుంచీ మానలేదు.

ఆ తర్వాతి వేసవుల్లోనూ రోడ్డుకు అటూ ఇటూ రెండు పందిళ్లూ లేచాయి. నన్ను పూర్తికాలం విలేకరిని చేసి నరసరావుపేటకు మార్చేనాటికి అల్యూమినియం గ్లాసు మేకుకు వేలాడుతూనే ఉంది. జనం ఉన్న వేళ వెంకటప్పయ్య ఇంకా రోడ్డు దాటలేదు.