మా ఇంట్లో ఒకటే గిన్నె

పోయిన వారం ఉప్పల్ రింగ్ రోడ్డు దగ్గర బస్సు కోసం నిలబడి ఉంటే, మెట్రో స్తంభం పక్కన నీడకు నీలం టార్పాలిన్ పట్టా కట్టుకుని ఒకామె జొన్న రొట్టెలు కొడుతున్నది. రెండు పొయ్యిలు, రెండు పెంకలు, ఆమె చేతులు మాత్రం నాలుగున్నట్టు తిరుగుతున్నయి. ముందర పెద్ద వరుస. వరుసలో అందరూ మెడలో కార్డులు వేసుకున్న పిల్లలే, పోచారం దిక్కు నుంచి కంపెనీ బస్సులు దిగి వచ్చినోళ్లు. నేను ఊరికే చూస్తున్న. ఒక పిలగాడు నా దిక్కు తిరిగి, "అంకుల్, మీ టైంలో రోజూ ఇవే తినేటోళ్లు కదా? అందుకే మీరంతా గింత స్ట్రాంగ్ ఉన్నరు. మేమే అన్నం తినీ తినీ ఖరాబైనం" అన్నడు. మంచి పిల్లవాడే, మర్యాదగానే అన్నడు. కానీ నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "బిడ్డా, మేము బలం కోసం తినలేదు. అన్నం పెట్టేటోడు లేక తిన్నం" అన్న. వాడు నవ్వి, ఫోన్ చూసుకున్నడు. ఇంతల నా బస్సు వచ్చింది. ఎక్కి కూర్చున్న గానీ, చెప్పాల్సింది సగం గొంతులోనే ఉండిపోయింది. ఆ మిగిలిన సగం ఇక్కడ రాస్తున్న.

నాలుగేండ్ల కింద నాకు షుగర్ బయటపడ్డది. ఎండాకాలం కదా అని బిందెలకు బిందెలు నీళ్లు తాగుతుంటే, మా కొడుకు అనుమానం వచ్చి రక్తం పరీక్షకు తోలుకపోయిండు. కాగితం వచ్చినంక నా చేతికి ఇయ్యకుండా తనే చదవబోయిండు. గుంజుకున్న. నేను బడి మెట్టు ఎక్కలేదు, నిజమే. నాచారంలో ఫ్యాక్టరీలు పడ్డ కొత్తల ఒకదాంట్ల హెల్పర్‌గా చేరి, మిషన్ల మీద అచ్చువేసిన అక్షరాలు, మిర్చి బజ్జీలు కట్టిచ్చిన పేపరు ముక్కలు, యూనియన్ బోర్డు మీద సుద్దముక్క రాతలు, వీటితోనే చదువు నేర్చిన. అందుకే రాసి ఉన్నదేదీ చదవకుండా వదలను, గోలీల డబ్బాలో మడత పెట్టిన కాగితం సహా. ఆ డబ్బా కాగితం చదవడానికి భూతద్దం కావాలె. అంత చిన్నగా రాసేది మనం చదవొద్దనే అని నా పక్కా నమ్మకం. సరే, ఆ రిపోర్టు చదివిన, అర్థమైంది. ఉండాల్సిన దానికి నాది రెండింతల పైన ఉన్నది.

డాక్టరు చిన్న పిల్లవాడు. నేను రిటైరైననాడు వాడు ఇంకా నిక్కరు మీదనే ఉండి ఉంటడు. తప్పేం చెప్పలేదు, ఆ మాట ముందే ఒప్పుకుంట. మాత్రలు రాసిండు, పొద్దున నడవమన్నడు, చివరికి, "అన్నం బాగా తగ్గించాలి పెద్దాయనా. రొట్టె అలవాటు చేసుకోండి, జొన్న రొట్టె" అన్నడు. "మళ్ల జొన్ననేనా సార్?" అన్న. పరాచకం ఆడుతున్ననుకొని నవ్విండు. నేను నవ్వలేదు.

ఇక్కడ జర వెనక్కి పోవాలె. మా అయ్య ఈ దగ్గర్లోనే ఒక పటేలు ఇంట్ల పాలేరుగా జీతం ఉండేటోడు. ఇప్పుడు అక్కడ అపార్ట్‌మెంట్లు, ఒక కార్ల షోరూం ఉన్నయి గానీ, అప్పుడు చెరువు కింద వరి మడులు. నాటు వేసేది మా అమ్మ, కోసేది మా అయ్య, బస్తాలు మోసి లోపల పెట్టేది మా చిన్నాయన. తినేది మాత్రం మా ఇంట్ల ఎవ్వరమూ కాదు. పటేలు ఇంటి వెనక వసారాలో రెండు కుండలు పొయ్యి మీద ఉండేటివి. ఒకదాంట్ల అన్నం, అది లోపలికి. ఒకదాంట్ల జొన్న రవ్వ ఉడికించిన గట్క, అది పని మనుషులకు. నాకు ఎనిమిదేండ్లప్పుడు ఒకనాడు అయ్య వెంబడి పోయి వసారాల కూర్చున్న. కొత్త బియ్యం వాసన. ఆ వాసన గురించి పెద్ద మాటలు రాయను, ఆకలైనోడికి చెప్పనక్కర లేదు, కడుపు నిండినోడికి చెప్పినా లాభం లేదు. వడ్డిస్తున్న పటేలు పెండ్లాన్ని, "అమ్మా, నాకు గా తెల్లది పెట్టు" అని అడిగిన. అయ్య నా వీపు మీద ఒక్కటి చరిచిండు. పటేలమ్మ మాత్రం కోపం చెయ్యలేదు. చానా మెత్తగా, "నీకు పడదు బిడ్డా, అలవాటు లేని కడుపు" అని, గట్కనే ఇంకో గరిటె ఎక్కువ వేసింది. తిడితే మరిచిపోయేటోన్నేమో. ఆ మెత్తదనమే లోపల ముల్లు లెక్క ఉండిపోయింది.

పెద్దగై, ఫ్యాక్టరీల పడి, మొదటి జీతం రాంగనే నేను చేసిన పని ఒక బియ్యం బస్తా ఇంటికి మోసుకరావడం. లగ్గమైనంక మా ముసలామెకు (అప్పుడు ముసలిది కాదు, ఈ ముక్క ఆమె చదవకపోతే బాగుండు) ఒకే ఒక్క మాట చెప్పిన. ఈ ఇంట్ల రెండు కుండలు ఎక్కొద్దు. వండింది ఏదైతే అదే అందరికీ, చుట్టమొచ్చినా, గోడ కట్టే మేస్త్రీ వచ్చినా. ఎందుకని ఆమె అడగలేదు, నేను చెప్పలేదు. తన పుట్టింటి రొట్టె పెంకను మాత్రం సంబురంగా పాత సామాన్లోడికి వేసి ఉల్లిగడ్డలు తీసుకున్నది. రొట్టెలు కొట్టీ కొట్టీ ఆమెకూ విసుగు వచ్చి ఉండె.

అట్ల నడిచిన ఇంట్లకు షుగర్ వచ్చింది. మా కోడలు గోదావరి దిక్కు పిల్ల, హబ్సిగూడలో ఒక కోచింగ్ సెంటర్‌లో లెక్కలు చెప్తది. లెక్కల మనిషి కదా, ఏ పని చేసినా పట్టిక గీస్తది. ఫ్రిజ్ తలుపు మీద నా పేరున ఒక పట్టిక వెలిసింది. పొద్దున ఇంత, మధ్యాహ్నం ఇంత, సాయంత్రం పిడికెడు వేయించిన శెనగలు. ఆ పిల్లకు జొన్న రొట్టె కొట్టుడు రాదు. ఫోన్‌లో చూసి, చపాతీ కర్రతో ఒత్తి, పగిలిన అంచులను స్టీలు డబ్బా మూతతో గుండ్రంగా కోసి కాల్చేది. అది రొట్టె అనాల్నో, డబ్బాకు ఇంకో మూత అనాల్నో తెలిసేది కాదు. అయినా రోజంతా పాఠాలు చెప్పి వచ్చి, అలసిపోయి కూడా చేసేది. నాకు ఏడు గంటలకే పెట్టేది, విడిగా, నా కోసం కొన్న కొత్త పళ్లెంలో. వాళ్లు తొమ్మిదింటికి తినేటోళ్లు. నేను ముందర గదిలో కూర్చుంటే కుక్కర్ ఈల వేసేది, ఉడికిన అన్నం వాసన అక్కడిదాకా నడిచి వచ్చేది.

పదిహేను రోజులు ఓపిక పట్టిన. పదహారో నాడు పళ్లెం పట్టుకుని వాళ్ల నడుమ పోయి కూర్చున్న. "జర అన్నం పెట్టు బిడ్డా, ఒక్క గరిటె" అన్న. కోడలు గిన్నె మీద మూత పెట్టి, నా చెయ్యి మీద చెయ్యి వేసి, మెత్తగా అన్నది: "వద్దు మామయ్యగారూ, మీకు పడదు."

అంతే. అరవై ఏండ్లు ఎక్కడికి పోయినయో తెల్వదు. పళ్లెం నెట్టేసి లేచిన. నోటికొచ్చింది అన్న. నా ఇంట్ల నాకు పడేది పడనిది చెప్పడానికి నువ్వెవరన్న. నేను కొన్న ఇంట్ల నన్ను వసారాల కూర్చోబెడుతున్నరన్న. మా ఇంటికి వసారానే లేదు, మూడో అంతస్తు. కొడుకు బిత్తరపోయి, "ఏమైంది నాయినా? షుగర్ ఎక్కువైందా?" అన్నడు. ఆ రోజుల్లో నేను తుమ్మినా షుగరే, కోపం చేసినా షుగరే. మనిషికి వేరే కారణాలు ఉండొచ్చని ఎవరికీ తోచలేదు.

మర్నాటి నుంచి హర్తాళ్ పెట్టిన. మధ్యాహ్నం లైబ్రరీకి అని చెప్పి, నాచారం చౌరస్తాలో ఒక మెస్‌కు పోయేటోన్ని. అక్కడ వడ్డించేటాయన "ఇంకొంచెం వేయమంటారా" అనే తప్ప వేరే మాట అనడు. మూడు మార్లు వేయించుకున్న. పప్పుతో ఒకసారి, చారుతో ఒకసారి, పెరుగుతో ఒకసారి. ఒక్కో ముద్ద పటేలమ్మ మీద గెలిచినట్టే తిన్న. ఆమె పోయి ఎన్నేండ్లయిందో. ఎనిమిదో నాడు తిని బయటికొచ్చి బస్సు ఎక్కబోతే రోడ్డు అడ్డం తిరిగింది. కండక్టరమ్మ రెక్క పట్టి కూర్చోబెట్టి, మా ఇంటి దగ్గర స్టాప్‌లో జాగ్రత్తగా దింపింది. ఇంట్ల వేలికి సూది గుచ్చి చూస్తే అంకె నాలుగు వందలు దాటింది. డాక్టరు దగ్గరికి తోలుకపోయిన్రు. అతను ఈసారి నవ్వలేదు. "ఇట్లనే ఉంటే ముందు కండ్లు పోతయి పెద్దాయనా" అన్నడు. కండ్లు అనంగనే నాకు చదువు గుర్తొచ్చింది. ఇంత కష్టపడి నేర్చుకున్న అక్షరాలు.

ఇంటికొచ్చినంక కోడలు నా ముందర కుర్చీ వేసుకుని కూర్చున్నది. కండ్లు ఎర్రగున్నయి, గొంతు మాత్రం గట్టిగనే ఉన్నది. "నేనేం తప్పు చేశానో చెప్పి తిట్టండి మామయ్యగారూ. ఊరికే తిడితే మాత్రం పడను." నాకు ఆ మాట నచ్చింది. నేనైనా గట్లనే అంటుంటి. అప్పుడు రెండు కుండల ముచ్చట చెప్పిన. జీవితంల మొదటిసారి, బయటికి. వంటింటి గడప మీద నిలబడ్డ మా ముసలామె కొంగు నోట్ల పెట్టుకున్నది. తర్వాత ఆమెకే ముందు కోపం వచ్చింది. "నలభై ఐదేండ్ల కాపురమాయె. నాకెందుకు చెప్పలేదయ్యా?"

"నువ్వు అడిగినవా?"

"అడగకుంటే చెప్పవా? మోకాళ్ల నొప్పి నేను అడిగితేనే చెప్తున్నవా? పొద్దు మాపు అదే పాట!"

కోడలు కుర్చీ వెనక్కి జరిపింది. లేచిపోయి ఫ్రిజ్ మీది పట్టిక పీకింది. "తప్పు అన్నంలో లేదు, గిన్నెల్లో ఉంది. రేపటి నుంచి గిన్నె ఒకటే. మీరేం తింటే మేమూ అదే" అన్నది. మా కొడుకు కుర్చీల ఇబ్బందిగా కదిలిండు. "మరి నాకు షుగర్ లేదు కదా" అని గొణిగిండు. వాళ్లమ్మ వదల్లేదు: "నీ పొట్ట సూసుకున్నవా? ఆర్నెల్ల గర్భిణి లెక్క ఉన్నవ్. నోరు మూసుకొని తిను." అట్ల తీర్మానం పాసైంది.

ఇక రొట్టెలు ఎవరు కొట్టాలె? నలుగురికి ఎనిమిది రొట్టెలు. ముసలామెకు భుజం లేవదు, పైగా "నేను పెంక అమ్ముకున్న, మళ్ల ముట్టను" అని మొండికేసింది. కోడలి మూతలు తినడానికి కొడుకు సిద్ధంగా లేడు. అప్పుడు నేనన్న, నేను కొడుత అని. ఇంట్ల అందరూ నవ్విన్రు. ఫ్యాక్టరీల ఇనుము తిప్పినోడికి పిండి ముద్ద ఎంత అనుకున్న. ఇనుమే నయం, చెప్పిన మాట వింటది. ముసలామె పక్కన స్టూలేసుకొని సూపర్‌వైజర్ లెక్క కూర్చున్నది. నీళ్లు మసలాలె, పిండిల పోసి వేడి మీదనే పిసకాలె, చేతులు కాలినా వదలొద్దు, పీట మీద చరుస్తా తిప్పాలె, వేళ్లతో కాదు అరచేతితో, పెంక మీద వేసినంక తడిగుడ్డతో పైన తుడవాలె. ఆంధ్రా మ్యాప్ లెక్క వంకరపోయిన నా మొదటి రొట్టె చూసి కోడలు, "శ్రీకాకుళం దగ్గర బాగానే ఉంది గానీ, అనంతపురం తెగిపోయింది మామయ్యగారూ" అన్నది. నెల రోజులకు తెగుడు ఆగింది. రెండు నెలలకు ఒకనాడు పెంక మీద రొట్టె దానంతటదే పొంగింది. నేను కేకపెడితే పక్క ఫ్లాటాయన కూడా వచ్చి చూసిపోయిండు.

వడ్డించేది కూడా నేనే. తలా రెండు రొట్టెలు, చివర్ల తలా ఒక గరిటె అన్నం, అదే గిన్నెల నుంచి, అదే గరిటెతో. నా గరిటె ఎంతో మా కొడుకు గరిటె అంతే. ఆ ఒక్క గరిటె గురించి డాక్టరుతో వాదన పెట్టుకున్న. మాత్ర తప్పను, నడక తప్పను, శెనగలు కూడా నములుత, కానీ గరిటె అన్నం నా పళ్లెంల పడాల్సిందే అన్న. అతను కాగితాలు అటూ ఇటూ తిప్పి, ఒక్క గరిటెనే అని ఒట్టు వేయించుకుని ఒప్పుకున్నడు. గెలిచిన అనను. మెడ వంచకుండా సంతకం పెట్టిన అంట.

మూడు నెలలకోసారి ఇంకో రక్తం పరీక్ష చేస్తరు. మొన్న అది బాగా వచ్చింది. "ఇది అబద్ధం చెప్పదు పెద్దాయనా. ముందురోజు ఉపాసం ఉండి వచ్చినా దొరికిపోతరు. మూడు నెలలు మీరేం తిన్నరో మీ రక్తానికి గుర్తుంటది" అని డాక్టరు మురిసిపోతూ చెప్పిండు. మూడు నెలలు దాటితే ఏమైతది అని అడిగిన. పాత కణాలు పోయి కొత్తవి వస్తయి, అన్నీ మరిచిపోతది అన్నడు. చొక్కా చెయ్యి కిందికి దించుకుంటూ అనుకున్న: రక్తానికి అంతే చాతనైతది కావచ్చు, మూడు నెలలు. అంతకు ముందటి డెబ్భై ఏండ్లు యాది పెట్టుకునే పని నాది, అది ఏ డాక్టరు తగ్గించమన్నా తగ్గించను.