క్లెమ్ ట్రాంటర్ మెచ్చిన పడవ

గోల్డ్‌కోస్ట్ అనే సముద్రపొడ్డు ఊళ్లో పడవలు అమ్ముకుని బతుకుతున్నవాణ్ణి నేను. చేపలకెళ్లే రేకు పడవలు కాదు, ధర వినగానే కొనేవాడు కుర్చీ వెతుక్కునే పడవలు. ఈ వ్యాపారంలో తుఫానుల్ని ఓర్చుకోవచ్చు, బ్యాంకు మేనేజర్లని ఓర్చుకోవచ్చు. క్లెమ్ ట్రాంటర్‌ని ఓర్చుకోవడమే నావల్ల అయ్యేది కాదు.

క్లెమ్ పక్క ఊరు నెరాంగ్‌లో మాంసం కొట్టు నడిపి, మోకాళ్లు అరిగాక అమ్మేసి ఇంటిపట్టున ఉన్న మనిషి. పొట్టిగా, గట్టిగా, ముక్కు మీద ఎప్పుడూ ఎండకి ఊడిన తోలుతో ఉంటాడు. ఏటా మే నెలలో మా రేవులో పడవల ప్రదర్శన పెడతాం. గేటు తెరిచేసరికి వరసలో మొదట ఆయనే. వెనకాల ఫ్లాస్కుతో ఆయన భార్య నోలీన్. పడవ ఎక్కేముందు చెప్పులు విప్పి బుట్టలో వెయ్యాలన్నది మా రూలు. టేకు చెక్క మీద గీత పడితే చచ్చేది మేమే కదా! క్లెమ్ ఆ బుట్టని నమ్మడు. ఆయన బూట్లకి నోలీన్ కాపలా. ఆయన లోపల తిరిగినంతసేపూ ఆవిడ జెట్టీ మీద ఎండలో నిలబడేది, ఒక చేతిలో టీ, ఇంకో చేతిలో మొగుడి బూట్లు.

ఆయన పడవని చూడడం అల్లాటప్పాగా ఉండదు. ప్రతి అలమారా తలుపూ ఒక్క వేలితో మూస్తాడు. ఇంజిన్ గదిలోకి బోర్లా పడుకుని దూరతాడు, మోచెయ్యి గీరుకోకుండా ఫిల్టర్ అందుతుందో లేదో చూస్తాడు. అడుగున నీళ్లు నిలిచే చోట ముక్కు పెట్టి వాసన పీలుస్తాడు. పరుపుల మీద కాళ్లు బారచాపి పడుకుంటాడు. ఒకసారి నిజంగానే గుర్రుపెట్టాడు కూడా. అన్నీ అయ్యాక బయటికొచ్చి చేతులు దులుపుకుంటాడు.

"ఏం క్లెమ్, ఎలా ఉంది?" అని నేను అడగకూడదు. అడగకుండా ఉండలేను.

"ఎముక ఎక్కువ డారిల్," అనేవాడు, పది మందికీ వినబడేలా. "నువ్వడిగే డబ్బులో సగం ఈ తళుకుకే పోతోంది. జీవితమంతా మాంసం తూచినవాణ్ణి, ఎముకకి డబ్బిస్తానా?"

అంతే, వెనక నిలబడ్డవాళ్ల మొహాలు మారిపోయేవి. బ్రిస్బేన్ నుంచి వచ్చిన ఒక పళ్ల డాక్టరు సంతకానికి పెన్ను మూత తీసి ఉండగా, క్లెమ్ ఇంజిన్ గదిలోంచి తల పైకెత్తి, కారిన నూనెతో నల్లబడ్డ వేలు చూపించాడు. పళ్ల డాక్టరు పెన్ను మూత పెట్టేసి వెళ్లి కారు వెనక లాక్కెళ్లే కారవాన్ కొనుక్కున్నాడు. నేను ఆ నెలంతా క్లెమ్‌ని తిట్టుకున్నాను. కడుపుమంట కొద్దీ చెబుతున్నాను గానీ ఆయన చూపించిన లోపాలు చాలామటుకు ఉన్నవే. కాకపోతే లోపం లేని పడవని దేవుడు కూడా చెయ్యలేదు.

ఆయన మాటని అందరికంటే ఎక్కువ నమ్మింది నోలీన్. ఆయన మెట్లు దిగుతుంటే "కొనదగ్గదేనా?" అని అడిగేది. ఆయన తల అడ్డంగా ఊపేవాడు. ఆవిడ బూట్లు కింద పెట్టేది. ఇరవై ఏళ్లుగా ఇదే తంతు. డబ్బులేని మొగుడూపెళ్లాల కాలక్షేపం కాబోలు అనుకున్నాను. నా బుద్ధి అంతవరకే పోయింది.

ఈ ఏడు ప్రదర్శనకి వారం ముందు నోలీన్ ఒక్కతే నా ఆఫీసుకొచ్చింది. ఫ్లాస్కు లేకుండా ఆవిణ్ణి గుర్తుపట్టడానికి కాస్త టైం పట్టింది. ఆవిడకి సౌత్‌పోర్ట్‌లో లాండ్రీ ఉండేది, సముద్రం ఒడ్డు హోటళ్ల దుప్పట్లన్నీ అక్కడే ఉతికేవారు. దాన్ని ఒక పెద్ద కంపెనీ కొనేసిందట, మంచి ధరకే.

"ఆ పొడుగాటి పడవకి అడ్వాన్సు కడతాను," అంది.

అది పంతొమ్మిది లక్షల డాలర్ల ఎక్స్‌ప్రెస్ యాట్. మేడలూ మిద్దెలూ లేకుండా నీళ్ల మీద కిందికి వంగి పరుగెత్తే రకం. మీట నొక్కితే తెరుచుకునే అద్దపు పైకప్పు, కడుపులో రెండు పెద్ద ఇంజిన్లు. రసీదు పుస్తకం కోసం సొరుగు లాగాను.

"మీరు ఎప్పట్నుంచి అనుకుంటున్నారు నోలీన్?"

"మొదటి ఇస్త్రీ మిషను కొన్నప్పట్నుంచీ. దుప్పట్లు దించడానికి హోటళ్లకి వెళ్లినప్పుడు పై అంతస్తు కిటికీల్లోంచి ఈ పడవలే కనిపించేవి. గదిలో ఉన్నవాళ్లు నిద్రపోతుండేవారు, చూసేదాన్ని నేనే." ఆవిడ సంచీలోంచి చెక్కు పుస్తకం తీసి బల్ల మీద పెట్టింది. "కానీ ఒకటి డారిల్. క్లెమ్ సరే అంటేనే. ఆయన చూపు తప్పదు. ఆయన కాదంటే నా అడ్వాన్సు నాకిచ్చెయ్. ఇంక మళ్లీ అడగను, ఈ ఆశ కూడా వదిలేస్తాను."

మా వ్యాపారంలో ఒక పద్ధతుంది. అడ్వాన్సు కట్టనివాణ్ణి సముద్రంలోకి తీసుకెళ్లం. షికారుకొచ్చిన ప్రతివాడికీ డీజిల్ తగలెయ్యడానికి అదేమన్నా మా తాత సొమ్మా? అందుకని ఇన్నేళ్లలో క్లెమ్ నా పడవలన్నీ ఎక్కాడు గానీ, ఒక్కదాంట్లోనూ జెట్టీ వదిలి కదల్లేదు. ఈసారి నోలీన్ అడ్వాన్సు కట్టింది కాబట్టి ట్రయల్‌కి హక్కు వచ్చింది.

ప్రదర్శన రోజు క్లెమ్ ఎప్పటిలాగే వేలితో తలుపులు మూసి, వాసనలు పీల్చి, బయటికొచ్చి నోరు తెరవబోయాడు. నోలీన్ ముందే అందుకుంది.

"ఇప్పుడేం చెప్పకు. రేపు పొద్దున సముద్రంలో తిరిగొచ్చాక చెప్పు. అడ్వాన్సు కట్టేశా."

క్లెమ్ మొహంలో ఊడిన తోలు తప్ప మిగతా అంతా తెల్లబడింది. "రేపు గాలి ఎక్కువట," అన్నాడు.

"అందుకే రేపు," అన్నాను నేను. "నీలాంటి పరీక్షకుడికి నున్నటి నీళ్లేం సరిపోతాయి గురూ?" అప్పటికి నాకు ఏమీ తెలియదు. ఆయన్ని ఏడిపిస్తున్నానని మహా సంబరపడ్డాను.

మర్నాడు రేవు లోపల ఉన్నంతసేపూ ఆయన బాగానే ఉన్నాడు. ఇంజిన్ చప్పుడు విన్నాడు, ఇంజిన్ మీటర్ల ముళ్లు చూశాడు. రేవు నోరు దాటి మొదటి పెద్ద అల పడవ ముక్కుని ఎత్తిందో లేదో, ఆయన మాట ఆగిపోయింది. రెండో అలకి సోఫా వెతుక్కున్నాడు. మూడో అలకి నేను బకెట్ వెతికాను. శకునం చెప్పే బల్లి కుడితిలో పడిందంటే ఏమిటో ఆవేళ కళ్లారా చూశాను.

"వెనక్కి తిప్పనా?" అని అడిగాను.

"నోరు మూసుకుని... ఆవిడకివ్వు," అన్నాడు బకెట్లోంచి.

నోలీన్‌కి స్టీరింగ్ ఇచ్చాను. మొదట కొంచెం భయంగా పట్టుకుంది. ఇంకాస్త వేగం, ఇంకాస్త వేగం అని నేను చెబుతున్నవాణ్ణి, తర్వాత చెప్పడం మానేశాను. స్ట్రాడ్‌బ్రోక్ దీవి పక్కన ఆవిడ పడవని పూర్తి వేగానికి తెచ్చి, తల వెనక్కి వేసి పెద్దగా నవ్వింది. ఇన్నేళ్లలో ఆవిడ పళ్లు చూడడం అదే మొదలు.

సరిగ్గా అప్పుడే పైకప్పు అద్దం మూలనుంచి ఒక నీటిబొట్టు జారి క్లెమ్ నుదుటి మీద పడింది. ఇంకోటి పడింది. ఆయన కళ్లు తెరిచి పైకి చూశాడు. నన్ను చూశాడు. నా ప్రాణం పోయింది. వెతకబోయిన తీగ కాలికి తగలడమంటే ఇదే. పంతొమ్మిది లక్షల పడవ కారుతోంది అని ఒక్క మాటంటే చాలు, ఆయనకి ఈ సముద్రపు నరకం మళ్లీ ఎప్పుడూ ఉండదు. క్లెమ్ మెల్లిగా తల ఎత్తి నోలీన్ వైపు చాలాసేపు చూశాడు. తర్వాత ఆ బొట్లు సరిగ్గా తన మెడ మీద పడేలా జరిగి పడుకున్నాడు, సోఫా తడవకుండా.

జెట్టీకి వచ్చి కట్టేశాక నోలీన్ ఆయన ఎదురుగా నిలబడింది.

"చెప్పు క్లెమ్. నువ్వు ఏమంటే అది."

"ఎముక లేదు," అన్నాడు. "కొనుక్కో."

"నిజంగా?"

"ఇదే కాదు. పోయినేడాది నీలం పడవా బాగానే ఉంది. అంతకుముందు ఇటలీదీ బాగానే ఉంది. నాకే సముద్రం పడదు నోలీన్. మా నాన్న రొయ్యల పడవ మీద చిన్నప్పుడు రోజూ కక్కుకునేవాణ్ణి. అందరూ నవ్వేవారు. అందుకే మాంసం కొట్టులో చేరా. పడవలంటే ఇష్టం, కానీ కట్టేసి ఉన్నంతవరకే."

అయ్యో అంటుందనుకున్నాను. ఆడవాళ్ల గురించి నాకు తెలిసింది అంతే.

"ఇరవై ఏళ్లు!" అని అరిచింది. పక్క పడవల్లోంచి జనం తలలు బయటపెట్టారు. "ఇరవై ఏళ్లు ఎండలో నీ కంపు బూట్లు మోశా! ఎముకట, మాంసమట! ఆడలేక మద్దెల ఓడు అన్నాట్ట నీలాంటివాడే! వాంతొస్తుందని ఒక్క ముక్క చెబితే నీ సొమ్మేం పోయేది?"

"చెబితే నువ్వు కొనవు."

"చెప్పకపోయినా కొనలేదు కదరా ముసలాడా!"

క్లెమ్ కూర్చుని బూట్లు తొడుక్కోసాగాడు. నోలీన్ కళ్లు తుడుచుకుని, వంగి ఆయన కాలర్ రెండు వేళ్లతో పట్టుకు చూసి, నా వైపు తిరిగింది. "ఇది చెమట కాదు, ఉప్పునీళ్లు. జీవితమంతా మురికి బట్టలే చూశాను డారిల్. ఆ పైకప్పు బాగుచేసి, ధర తగ్గించి, అప్పుడు కాగితాలు తీసుకురా."

బాగుచేయించాను. తగ్గించాను.

మొదటి ప్రయాణం ఉత్తరాన మూలూలాబా రేవుకి. కొత్తవాళ్లతో మొదటిసారి నేను వెంట వెళ్లడం మామూలే. క్లెమ్ మాత్రం గొర్రెతొడ కాల్చి వెనక సీట్లో పెట్టుకుని కారులో రోడ్డు మీద బయల్దేరాడు. భోజనం అక్కడ కలిసి చేద్దామని వాళ్ల ఒప్పందం. మోర్టన్ దీవి దాటాక గాలి రేగింది, ఫోన్లు అందలేదు, మేము చాలా ఆలస్యంగా చేరాం. దూరంనుంచే కనిపించాడు క్లెమ్, జెట్టీ చివరికంటా వచ్చి నిలబడి. నోలీన్ తాడు విసిరింది. ఆయన అందుకుని ముడి రెండుసార్లు తప్పు వేశాడు. మొహం ట్రయల్ రోజుకన్నా పాలిపోయి ఉంది.

"ఏమైంది నీకు?" అంది నోలీన్ కంగారుగా.

"ఏం కాలేదు. నువ్వు నీళ్ల మీద ఉన్నంతసేపూ నాకు ఒడ్డు మీదే కడుపులో తిప్పింది. రెండుసార్లు కక్కుకున్నా, ఆ చెత్తబుట్ట దగ్గర."

నోలీన్ ఆయన్ని ఎగాదిగా చూసింది. "ఒడ్డు మీదా అదే, నీళ్ల మీదా అదే అయితే ఊళ్లో వాళ్ల చెత్తబుట్టలు పాడుచెయ్యడమెందుకు? పడవలోనే ఏడువు. బకెట్ ఉంది."

క్లెమ్ కారు తాళాలు తీసి నాకు విసిరాడు.

"గొర్రెతొడ నువ్వు తినెయ్. దాని వాసనే నాకు పడట్లేదిప్పుడు."

తిరుగు ప్రయాణానికి జెట్టీ మీంచి తాడు విప్పింది నేనే, కారులో వెనక్కి వెళ్లాల్సిందీ నేనే. పడవ మెల్లిగా రేవు దాటుతుంటే గట్టు చివరిదాకా నడిచి చూశాను. మొదటి అల రాగానే క్లెమ్ తల పక్కకి వాలిపోయింది. నోలీన్ ఒక చేత్తో స్టీరింగ్ పట్టుకుని రెండో చేత్తో ఆయన వీపు రాస్తోంది.