బొమ్మతో చెప్పని నొప్పి

రోబోకి కళ్ళు ఎంత పెద్దవి పెట్టాలన్న దాని మీద నేను ఆఫీసులో నెల రోజులు పోట్లాడాను. దాన్ని చూసి జనం జడుసుకోకూడదు, చిన్నపిల్లాడిలా ఉండాలి అన్నది నా వాదన. నడుం ఎత్తు, ఆరేళ్ళ పిల్లాడి గొంతు, ఎదుటివాళ్ళు మాట్లాడుతుంటే తల కాస్త పక్కకి వాల్చి వినడం, అన్నీ నేను పట్టుబట్టి పెట్టించినవే. దాన్ని నందిగామలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో పెట్టారు. వచ్చినవాళ్ళని పలకరించి, ఎక్కడ నొప్పో అడిగి, అర్జెంటయితే ఎర్ర చీటీ, కాకపోతే తెల్ల చీటీ ఇవ్వడం దాని పని.

నాది జగ్గయ్యపేట కాబట్టి అది ఎలా పనిచేస్తుందో చూడమని నన్నే పంపారు. రోజూ బస్సు చిల్లకల్లు దాటకముందే రోబో ముందురోజు రికార్డింగులు వినడం మొదలుపెట్టేదాన్ని. ఎవరేం మాట్లాడతారో, ఇదేం వింటుందో. ఆసుపత్రిలో ల్యాప్‌టాప్ చంకన పెట్టుకుని కాలు కాలిన పిల్లిలా తిరిగేదాన్ని. అక్కడి సిస్టరుకి విసుగొచ్చింది. "కాసేపు కూర్చో తల్లీ. నువ్వట్టా తిరుగుతుంటే పేషెంట్లకి బీపీ పెరుగుతోంది," అంది. కూర్చున్నాను, రెండు నిమిషాలు.

ఒక మంగళవారం వత్సవాయి నుంచి ఒక పెద్దావిడ ఒక్కతే వచ్చింది. పత్తి తీతకు వెళ్ళే మనిషి, వేళ్ళ నిండా గీతలే. రోబో ఆవిడ ముందు ఆగి, తల వాల్చి, "అమ్మమ్మా, నీకు ఎక్కడన్నా నొప్పిగా ఉందా?" అని అడిగింది. ఆవిడ ముఖం విప్పారింది. దాని బుగ్గలు పుణికి, మెటికలు విరిచింది.

"నాకేం నొప్పి నాన్నా, కాస్త నీరసం, అంతే. నువ్వు అన్నం తిన్నావా?"

రోబో తెల్ల చీటీ ఇచ్చింది.

నాకు ఎంత సంబరమో! రోబోని పట్టుకుని అన్నం తిన్నావా అని అడిగిందంటే నేను గెలిచినట్టే కదా. ఆ ముక్క రిపోర్టులో రాసుకుంటూ కూర్చున్నాను. ఆవిడ బెంచీ మీద కొంగుతో చెమట తుడుచుకుంటూనే ఉంది. చూశాను. ఎండన పడి వచ్చింది కదా అనుకున్నాను. నా తెలివి తెల్లారినట్టే ఉంది. ముప్పావు గంట గడిచిపోయింది.

అటుగా వెళ్తున్న సిస్టరు ఆవిడ ముఖం చూసి ఆగింది. "ఏమ్మా, చెయ్యి అట్టా పట్టుకున్నావే?"

"పొద్దుట్నుంచీ గుండెల్లో పిండేస్తందమ్మా. చెయ్యంతా లాగేస్తంది."

సిస్టరు వీల్‌చైర్ కోసం కేకేసింది. డాక్టరు ఈసీజీ చూసి గుండెపోటన్నాడు. అంబులెన్సులో బెజవాడ పంపించారు. సిస్టరు ఆ తెల్ల చీటీ తెచ్చి నా ల్యాప్‌టాప్ మీద పెట్టింది. "ఆ బొమ్మకైతే తెలీదు. నువ్వూ ఇక్కడే ఉన్నావుగా," అంది.

మూడు రోజులు నాకు తిండి సయించలేదు. ఇంట్లో ఉంటే బయటికి, బయటికొస్తే ఇంట్లోకి. రికార్డింగు పదేపదే విన్నాను. ఎక్కడా తప్పు దొరకలేదు. రోబో అడగాల్సిందే అడిగింది, చెప్పిందే రాసుకుంది. చివరికి కోపం ఆ పెద్దావిడ మీదికి మళ్ళింది. నోరు తెరిచి ఒక్క మాట చెబితే ఏం పోయేది? నా కోపానికి నాకే సిగ్గేసింది, అయినా అది పోలేదు.

నాలుగో రోజు బెజవాడ ఆసుపత్రికి వెళ్ళాను. ఆవిడ బతికింది. దిండుకి ఆనుకుని జావ తాగుతోంది. నందిగామ ఆసుపత్రి నుంచి వచ్చానని చెప్పి, ఆగలేక అడిగేశాను.

"ఆ రోబో అడిగినప్పుడు నొప్పి అని ఎందుకు చెప్పలేదండీ?"

ఆవిడ నన్ను వింతగా చూసింది.

"చంటోడు ఎదురొచ్చి అడిగితే, గుండెల్లో నొప్పిరా, చచ్చిపోయేట్టున్నా అని ఎట్టా చెప్తానమ్మా? బెదిరిపోడూ?"

"అది మిషనండీ."

"తెలుసులే. తెలిసినా ఆ కళ్ళల్లోకి చూస్తే మాట రాలా." గ్లాసు పక్కన పెట్టి నవ్వింది. "ఎవురు చేశారో గానీ తల్లీ, అచ్చం పిల్లోడే."